దొంగగుడ్లు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. నేనైతే మరీను. మా ఆయన నన్ను ముద్దుగా సీఐడీ అంటాడు, ముద్దు లేనప్పుడు కూడా అదే అంటాడు. ఆయనది లైన్‌మన్ ఉద్యోగం. గాలివాన వచ్చిందంటే కరెంటు స్తంభాల చుట్టూ తిరగడమే సరిపోతుంది. ఇంట్లో మిగిలేది నేనూ, నా కుట్టు మిషనూ, మా అత్తయ్యా, అత్తయ్య కోళ్ళూ. చూరు కారడం ఆగదు, ఆరేసిన బట్టలు ఆరవు, పెరట్లో కాలు పెడితే కాలు వస్తుంది గానీ చెప్పు రాదు. అలాంటి రోజుల్లో మనిషికి ఇంకేం పనుంటుంది, పక్కవాళ్ళని అనుమానించడం తప్ప?

ముందు దొంగగుడ్డంటే ఏమిటో చెప్పాలి. గూట్లో ఒక గుడ్డు కనబడితేనే పెట్ట అక్కడ గుడ్డు పెడుతుంది. లేకపోతే ఏ పొదలోనో పెట్టేసి ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. అందుకని గూట్లో ఎప్పుడూ ఒక ఉత్తుత్తి గుడ్డు ఉంచుతారు. మా వీధిలో దాన్ని దొంగగుడ్డు అంటారు. అందరూ సుద్దతో చేసుకుంటారు, మావి మాత్రం కొయ్యవి. పోయిన మా మామయ్య వడ్రంగి. ఉలితో చెక్కి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, తెల్లరంగు వేసి ఒక డబ్బాడు చేసి పెట్టాడు. బరువు కూడా అచ్చం గుడ్డు బరువే. ఒకసారి అత్తయ్య ఆమ్లెట్ వేద్దామని పెనం అంచుకి కొడితే పెనం ఖంగుమందట. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఆవిడ తిట్టినట్టే చెప్పేది గానీ మొహంలో మురిపెం దాగేది కాదు.

కోడిని పొదగేయడంలో మా అత్తయ్యది వీధిలోకెల్లా మంచి చెయ్యి అని పేరు. ఎవరింట్లో పెట్ట పొదుగుకొచ్చినా గుడ్లు పట్టుకుని ముందు మా ఇంటికే వచ్చేవాళ్ళు. చీకటి గదిలో గుడ్డుని టార్చి అద్దానికి ఆనించి చూస్తే, లోపల ఎర్రటి నరాలు కనబడితే బతికున్నట్టు, లేకపోతే మురిగినట్టు. అత్తయ్య చూసి చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఆవిడకి ఉన్న హోదా అదే. ఇంట్లో వంట నా చేతికొచ్చింది, తాళాలు కొడుకు చేతికొచ్చాయి, ఆ టార్చి మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

ముసురు పట్టిన కొద్దిరోజులకే మా పెరటికీ కండక్టరు వదిన పెరటికీ మధ్య గోడ కూలింది. కూలడం కూలడం అటువైపు కూలింది, సరిగ్గా ఆవిడ కోళ్ళగూడు మీద. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లోంచి అరిస్తే వీధి చివర ఆటోవాడు కూడా బండి తీస్తాడు, అంత గొంతు. ఆ పొద్దున మాత్రం ఆవిడకి గొంతు పెగల్లేదు. రాళ్ళ కింద నుంచి ఒక్కో నల్లకోడినీ తీసి వరసగా పడుకోబెట్టింది. ఆ నల్లజాతి వాళ్ళమ్మ చేతి మీదుగా వచ్చింది. మా వీధిలో ఇంకెవరికీ లేదు.

ఆ తర్వాత గొంతు వచ్చింది. "మీ చూరు నీళ్ళు గోడ మొదట్లో పడీ పడీ నానిపోయింది పిన్నీ!"

"నా చూరు నీళ్ళు నా పెరట్లోనే పడ్డాయి," అంది అత్తయ్య. "అరటిమొక్కలు పెట్టుకుంటానని గోడ కింద మొదలంటా తవ్వింది నువ్వు కాదూ?"

అలా ఒక పూటంతా గడిచింది. సాయంత్రానికి ఆవిడే వచ్చింది. భుజాన టికెట్ల సంచి, సంచిలో టికెట్లకి బదులు గుడ్లు. వంటింట్లో దాచి ఉంచినవట.

"ఇవే మిగిలాయి పిన్నీ. నా నల్లకోళ్ళు మళ్ళీ నా పెరట్లో తిరగాలంటే ఇక ఇవే దిక్కు. నా దగ్గర పెట్ట లేదు. మీ ఎర్రపెట్ట పొదుగు మీదుందిగా, దాని కింద వెయ్యండి. మీ చెయ్యి మంచిది."

ప్రతి గుడ్డు మీదా ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది. నాకు చురుక్కుమంది.

"గుర్తులెందుకు వదినా? మా మీద నమ్మకం లేకనా?"

"నమ్మకం వేరు, టికెట్టు వేరు. టికెట్టు లేకుండా నేనెవర్నీ ఎక్కించను," అంది.

అత్తయ్య ఆ గుడ్లని ఒక బిస్కెట్ల డబ్బాలో ఊక పోసి సర్ది, అటక మీద దొంగగుడ్ల డబ్బా పక్కనే పెట్టింది. సందెచీకటి పడ్డాక, కరెంటు లేని వేళ, సామాన్ల గదిలో మూలనున్న గంపలో ఎర్రపెట్టని కూర్చోబెట్టి గుడ్లు వేసింది. తలుపు దగ్గరగా వేసి మా ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

"ఇక ఈ గదిలోకి ఎవరూ రావద్దు. కూర్చున్న కోడి మీద పరాయి నీడ పడకూడదు. మేత నేనే పెడతాను, నేనే చూసుకుంటాను."

అక్కడి నుంచి మా ఇల్లు పోలీస్ స్టేషనైంది. అత్తయ్యకి ప్రతిదానికీ అనుమానమే. "ఉప్పు డబ్బా ఎవరు జరిపారే?" "నా పీట ఎక్కడ దాచావే?" ఉప్పు డబ్బా ఎప్పుడూ ఉండే చోటే ఉండేది. పీట కాలికి జానెడు దూరంలో ఉండేది. నేను మిషన్ తొక్కడం ఆపితే చాలు, "ఏమే, గమ్మునున్నావ్, ఏం చేస్తున్నావ్?" అని లోపల్నుంచి కేక. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంకా నన్ను దొంగని చూసినట్టు చూస్తోందే అని నాకు కడుపు మండేది. నేనూ తక్కువ తినలేదు. ఆవిడ ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నప్పుడల్లా, ఏం చేస్తోందబ్బా అని చెవి అటే పెట్టేదాన్ని.

వారం గడిచాక అత్తయ్య టార్చి తీసుకుని లోపలికి వెళ్ళింది. కండక్టరు వదిన డ్యూటీకి ఆలస్యమవుతున్నా కూలిన గోడ దగ్గర గొడుగు పట్టుకుని నిలబడింది. అత్తయ్య బయటికొచ్చి చెప్పింది. "అన్నీ బతికే ఉన్నాయే. నరాలు అల్లుకుంటున్నాయి."

వదిన గొడుగు వదిలేసి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేనూ వదినా ఆ రోజు గోడ రాళ్ళ మీద కూర్చుని, తడుస్తూనే, బోలెడు నవ్వుకున్నాం. పుట్టబోయే పిల్లల్లో నాకొకటి ఇస్తానని కూడా మాటిచ్చింది.

మూడు వారాలు నిండాయి. గంపలోంచి కిచకిచ లేదు. చలికి ఒకటి రెండు రోజులు వెనకాడతాయిలే అంది అత్తయ్య. ఇంకా రెండు రోజులు చూశాం. ఆ పొద్దున ఎర్రపెట్ట మేతకి లేచింది. అత్తయ్య పెరట్లో ఉంది. వదిన నా వైపు చూసింది, నేను వదిన వైపు చూశాను. ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఆవిడ గంపలో చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసింది. తిప్పి చూసింది. చుక్క లేదు. ఇంకోటి తీసింది, దానికీ లేదు. గోడకేసి కొట్టింది. టక్కుమని తిరిగొచ్చి నా కాలి దగ్గర పడింది.

అన్నీ కొయ్యవే.

"దొంగగుడ్లు!" అని వదిన అరిచిన అరుపుకి పుంజు కూడా నోరు మూసుకుంది.

అత్తయ్య పరుగున వచ్చింది. కొయ్యగుడ్డు చేతిలోకి తీసుకుని తడిమింది. మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే, "ఎవరో మార్చేశారు!" అంది. "వారానికి నేను చూశాను కదా, నరాలున్నాయి కదా. ఆ తర్వాతే ఎవరో తీసుకుపోయి ఇవి పెట్టారు."

ఆ మాట మా అందరి మెడకీ ఉచ్చులా బిగిసింది. నిజమే కదా. వారానికి బతికున్న గుడ్లు మూడు వారాలకి కొయ్యవయ్యాయంటే మధ్యలో ఎవరిదో ఒకరిది చెయ్యి పడినట్టే. ఆ గదిలోకి రాగలిగేది ముగ్గురమే. గోడ లేదు కాబట్టి నలుగురం అనుకోవచ్చు.

"బాగుంది," అంది వదిన. "మీ గోడ నా కోళ్ళని మింగింది. మీరు నా గుడ్లు మింగారు. కోడిని ఇంట్లో కూర్చోబెట్టి మరీ నాకు టోపీ పెట్టారు."

సాయంత్రానికల్లా గోడ కూలిన మేర అటువైపు నుంచి రేకులు నిలబెట్టి మేకులు కొట్టేసింది. ఆ వానలో, డ్యూటీ డ్రెస్సులోనే, తనే కొట్టింది. ఒక్కో దెబ్బా నా గుండెల మీద పడ్డట్టే ఉంది. వీధిలో నాకున్న ఒక్క స్నేహితురాలు ఆవిడే మరి.

నా సీఐడీ బుర్ర ఊరుకుంటుందా? మొదట మా ఆయన్ని పట్టుకున్నాను. వానలో పనిచేసి వచ్చి ఆమ్లెట్ అడిగే అలవాటుంది ఆయనకి. టిఫిన్ బాక్సు మూత తీసి వాసన కూడా చూశాను.

"నీకు పిచ్చా?" అన్నాడు. "కరెంటు తీగ పట్టుకోమను, పట్టుకుంటాను. పొదుగు మీదున్న ఆ ఎర్రపెట్ట కింద మాత్రం చెయ్యి పెట్టను. అది పొడిస్తే ఉద్యోగం చెయ్యడానికి వేళ్ళుండవు." తర్వాత లోపలికి వినబడేలా అన్నాడు. "ఈ కోళ్ళతో గొడవలు చాలు. వానలు తగ్గాక అన్నీ అమ్మేద్దాం. అమ్మ హాయిగా ఓ మూల కుర్చీలో కూర్చుంటుంది."

అత్తయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ కలపడం మొదలుపెట్టింది గానీ ముద్ద నోటిదాకా పోలేదు.

తర్వాత వదిన మీదికి పోయింది నా అనుమానం. గోడ కక్ష తీర్చుకోవడానికి తనే గుడ్లు తీసుకుపోయి నాటకమాడుతోందేమో! అలా అనుకోవడానికి సిగ్గేసింది, అయినా అనుకున్నాను. రేకు సందులోంచి ఆవిడ పెరట్లోకి తొంగి కూడా చూశాను. అటునుంచి ఆవిడ కన్ను కనబడింది. ఇద్దరం ఒక్కసారే పక్కకి తప్పుకున్నాం.

మా అత్తయ్య అనుమానం ఎవరి మీదో నాకు తెలుసు. ఒకరోజు సామాన్ల గదిలో ఎర్రపెట్టతో మాట్లాడుతుంటే విన్నాను. "ఎవరొచ్చారే నీ దగ్గరికి? నీకు తెలుసు. చెప్పవు. ఇది గానీ వచ్చిందా?" 'ఇది' అంటే నేనే. ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులు ఆవిడతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మా వీధి బేకరీ ఆవిడ తన పెట్ట పొదుగుతున్న గుడ్లు చూపించుకోవడానికి తెచ్చింది. వీధంతా మా గురించి చెవులు కొరుక్కుంటున్నా, ఆవిడొక్కతే పాత అలవాటు మానలేదు. ఆవిడని అరుగు మీద కూర్చోబెట్టి అత్తయ్య గుడ్ల గిన్నెతో సామాన్ల గదిలోకి వెళ్ళింది. కరెంటు లేదు. మబ్బుకి ఇల్లంతా చీకటి గుయ్యారం. కోపమున్నా, గడప తట్టుకుని గిన్నె పడేస్తుందేమోనని వెనకాలే వెళ్ళాను.

అత్తయ్య టార్చి తీసి మీట నొక్కింది. గుడ్డుని అద్దానికి ఆనించింది. కంటి దగ్గరగా తెచ్చుకుని, ఎప్పట్లాగే తల కొంచెం పక్కకి వంచి చూసింది.

"ఇది బతికుంది. నరాలు చూడు, ఎంత బాగా అల్లుకున్నాయో." రెండోది తీసింది. "ఇదీ బాగుంది."

టార్చి వెలగలేదు. గది చీకటిగానే ఉంది. బ్యాటరీలు అయిపోయాయి.

నేను కదల్లేదు. అత్తయ్య ఒక్కో గుడ్డూ చీకటికి ఆనించి చూస్తూనే ఉంది. "ఇదొక్కటి మురిగింది," అని పక్కన పెట్టింది. అన్నీ బాగున్నాయంటే ఎవరూ నమ్మరని కాబోలు. గిన్నె అందుకుని బయటికొచ్చి బేకరీ ఆవిడకిచ్చి, మా ఇంట్లో టార్చి పాడైంది, ఇంకోచోట చూపించుకోమని గేటు దగ్గర మెల్లగా చెప్పి పంపించాను.

తర్వాత మిషన్ ముందు కూర్చున్నాను గానీ కాలు ఆడలేదు. ఉప్పు డబ్బా, పీట, గమ్మునున్నావేమే అన్న కేకలు అన్నీ ఒక్కొక్కటే వరసలో వచ్చి నిలబడ్డాయి. ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూడటం లేదు. అసలు నన్ను చూడటమే లేదు. వారానికి చూసిన నరాలు? ఆ రోజు మాత్రం ఏం చూసి ఉంటుంది?

అత్తయ్య స్నానానికి వెళ్ళగానే స్టూలు వేసుకుని అటకెక్కాను. రెండు బిస్కెట్ల డబ్బాలు, ఒక్కలాంటివే, పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఖాళీ. రెండోది మూత తీయగానే కొట్టిన కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఊకలో గుడ్లు. ఒకటి పగిలి కారింది. మిగతావాటి మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్కలు. వాసన వస్తోందని పది రోజులుగా నేను చచ్చిన ఎలుక కోసం మంచాల కింద వెతుకుతున్నాను. మనుషుల్ని అనుమానించడంలో పెట్టిన శ్రద్ధ ఒక్కరోజైనా డబ్బాల మీద పెట్టానా?

ఎవరూ ఏదీ మార్చలేదు. ఆ సందెచీకట్లో ఒక డబ్బా అనుకుని ఇంకో డబ్బా తీసింది, అంతే. మామయ్య అంత బాగా చెక్కకపోతే చేతికైనా తెలిసేది.

డబ్బాని పెరటి మూల గొయ్యి తీసి పూడ్చేశాను. నాకు ఏడుపొచ్చింది. నిజం చెబితే మా ఆయన వానలు తగ్గేదాకా కూడా ఆగడు. కోళ్ళు పోతాయి, టార్చి పోతుంది, ఆవిడ ఆ మూల కుర్చీలో కూర్చుని పోయేదాకా గోడకేసి చూస్తుంటుంది. ఆ గోడ కూడా కనబడదు. చెప్పకపోతే కండక్టరు వదిన నా మొహం చూడదు.

మర్నాడు రేకు దగ్గర నిలబడి వదినని పిలిచాను.

"నేనే వదినా. అటక సర్దుతూ డబ్బాలు తారుమారు చేశాను. తర్వాత చెప్పడానికి భయమేసింది. నీ గుడ్లు మురిగిపోయాయి."

రేకు అవతల్నుంచి బస్సంత గొంతు లేచింది. "నువ్వా? నా పక్కన కూర్చుని నవ్వావు కదే! పిల్లనిస్తానంటే సరేనన్నావు కదే! ఆ పెద్దావిడని అనుమానించి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నువ్వే దొంగవి! కడుపుకి అన్నమే తింటున్నావా?"

తలొంచుకుని నిలబడ్డాను. వాన తల మీద పడుతోంది. వెనక తలుపు చప్పుడైంది. అత్తయ్య ఎర్రపెట్టని చంకలో పెట్టుకుని గబగబా వస్తోంది. బురదని లెక్కచెయ్యకుండా, ముప్పై ఏళ్ళుగా తిరిగిన పెరడు కాబట్టి ఎక్కడా తడబడకుండా, సూటిగా వదిన పెరటివైపు నడుస్తోంది. గోడ కూలిందని ఆవిడకి తెలుసు. అక్కడ రేకులు లేచాయని మేకుల చప్పుడు విన్నప్పుడు తెలిసే ఉండాలి. కోపంలో మర్చిపోయింది.

"అత్తయ్యా, ఆగండి!" అనేలోపే నుదురు రేకుకి ధణాలున కొట్టుకుంది. కోడి ఎగిరి అరుస్తూ నా మీద పడింది. అత్తయ్య రెండు చేతులూ చాపి ఆ రేకుని తడుముతోంది, అదేమిటో అర్థం కాక. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

వదిన రేకు పక్కనుంచి తొంగిచూసింది. ఆ చేతుల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఎక్కే దిగే వేలమందిని చూసిన కళ్ళు ఆవిడవి, ఇంకేం చెప్పనక్కర్లేదు.

"దాన్ని ఏమీ అనకే," అంది అత్తయ్య, వదిన ఇంకెటో ఉందనుకుని అటు తిరిగి. "డబ్బాలు అది మార్చలేదు. దొంగని నేను. ఏడాదిగా నా కళ్ళల్లో ఎప్పుడూ ముసురే. వెలుగు తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, అంతే. చెబితే నా కోళ్ళు తీసేస్తారని చెప్పలేదు. నీ నల్లకోళ్ళు నా వల్లే పోయాయి." చంక తడుముకుంది. "నా పెట్ట ఏదే? దాన్నిద్దామని తెచ్చాను. మూడు వారాలు కొయ్యని పొదిగింది పిచ్చిముండ, దానంత ఓపిక దేనికీ లేదు. నీ దగ్గరుంచుకో."

వదిన ఇంట్లోకి వెళ్ళి సుత్తి తెచ్చింది. మేకులు ఒక్కొక్కటే పీకింది.

ఆ రాత్రి మా ఆయనకి అంతా చెప్పేశాం. ఆయన ముందు గోడ వైపు చూశాడు, తర్వాత వాళ్ళమ్మ నుదుటి మీద బొప్పిని చూశాడు. "కోళ్ళు ఎక్కడికీ పోవులే," అన్నాడు. అంతే అన్నాడు. వదినే తన బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముసురు తగ్గి చలి మొదలయ్యాక ఆపరేషన్ చేస్తామన్నారు.

నల్లజాతి మాత్రం పోయింది. ఎక్కడా దొరకలేదు. ఇప్పటికీ వదిన ఎవరి పెరట్లో నల్లకోడి కనబడినా ఆగి చూస్తుంది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఆవిడ మామూలు గుడ్లు కొని ఎర్రపెట్ట కింద వేసింది. వారం కాగానే గిన్నెలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఇంకెవరింటికీ వెళ్ళలేదు. "చూడండి పిన్నీ," అంది, ఏమీ జరగనట్టు.

అత్తయ్య గిన్నె తీసుకుని సామాన్ల గదిలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. టార్చి మీట నొక్కింది, గుడ్డు ఆనించింది. ఆనించినదాన్ని అలాగే, టార్చితో సహా, నా చేతిలో పెట్టింది. ఆ టార్చి నేను పట్టుకోవడం అదే మొదటిసారి.

"నువ్వు చూసి చెప్పవే."

చూశాను. సన్నటి ఎర్రదారాలు, మధ్యలో కదులుతున్న చుక్క. "బతికుంది అత్తయ్యా."

"నిజంగా?"

"నిజంగానే. మీకెప్పుడూ అనుమానమే."

"ఉండదా మరి?" అంది. "టార్చి వెలిగితే గుడ్డు పట్టుకున్న వేళ్ళకి వెచ్చగా తగుల్తుందే. ఆ రోజు, బేకరీ ఆవిడ వచ్చినప్పుడు, నాకు తగల్లేదు. ఆఖరి గుడ్డు దగ్గర తెలిసింది. నా వెనకాల నువ్వు ఊపిరి బిగబట్టి నిలబడ్డావని కూడా తెలిసింది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని ఆ పూటంతా ఎదురుచూశాను. నువ్వు చెప్పలేదు. పైగా వెళ్ళి నెత్తినేసుకున్నావు."

నేను రెండో గుడ్డు కోసం చెయ్యి చాపాను.

అత్తయ్య చెయ్యి గాల్లో వెతుక్కుంటూ వచ్చి నా చెంప దొరకబుచ్చుకుంది. గట్టిగా గిల్లింది.

"దొంగ!" అంది.